పులి మాస్కు పెడితే మావాడికి ఏమీ కనబడట్లేదు – కాగితం మాస్కులు చేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

చిన్నపులి_అమ్మ | గురువారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మావాడికి ఐదేళ్లు. బడిలో జంతువుల నాటకం వేస్తున్నారు, వీడు పులి. డైలాగు ఒక్కటే. "ఎవరక్కడ?" అని అడగాలి, తర్వాత గాండ్రించాలి. మాస్కు ఇంట్లోనే చేసి పంపమన్నారు.

నెట్‌లో ఒక పులి మొహం దొరికితే ప్రింటు తీశాను. అట్టపెట్టె ముక్కకి అంటించి కత్తిరించి, రెండు పక్కలా చిల్లులు పెట్టి ఎలాస్టిక్ కట్టాను. రంగులు వాడే వేశాడు. చూడ్డానికి బాగానే ఉంది. పెట్టుకున్న నిమిషానికి "అమ్మా, ఈ పులికి కళ్లు కనపడవా?" అన్నాడు. చూస్తే ఒక కన్ను చిల్లులోంచి సగమే కనపడుతోంది, రెండోది పూర్తిగా అట్ట వెనకాలే ఉంది. అట్ట అంచు బుగ్గలకి గుచ్చుకుంటోంది. విప్పబోతే ఎలాస్టిక్ చిల్లు దగ్గర చిరిగి ఊడొచ్చేసింది. ఇప్పుడు మాస్కు పేరెత్తితే చాలు, దుప్పట్లో దూరుతున్నాడు.

నాటకం ఎల్లుండి శనివారం కాదు, ఆ పై శనివారం. తొమ్మిది రోజులుంది. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

కత్తెర_కాగితం | గురువారం, రాత్రి 10:15

తప్పంతా కొలతలో ఉందండి. పెద్దవాళ్లకి రెండు కనుపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. ఐదేళ్ల పిల్లలకి అది 50కి అటూ ఇటూ ఉంటుంది. పెద్ద మొహానికి గీసిన బొమ్మ తీసుకుంటే ఒక్కో కంటి దగ్గర అర సెంటీమీటరు పైనే తేడా వచ్చేస్తుంది. దానికితోడు ప్రింటరు "పేజీకి సరిపోయేలా" అనే సెట్టింగులో ఉంటే బొమ్మని తనకి నచ్చినట్టు సాగదీస్తుంది, లేదా కుదించేస్తుంది. నన్నడిగితే అసలు ప్రింటే వద్దు.

రెండు వేళ్ల వెడల్పున ఒక కాగితం పట్టీ కత్తిరించండి. బాబుని దూరంగా గోడకేసి చూడమని, పట్టీని కళ్ల కింద బుగ్గలకి ఆనించి పట్టుకోండి. కనుపాపలకి తిన్నగా కింద, పట్టీ మీద గుర్తులు పెట్టండి. ముక్కు మధ్యకి ఇంకో గుర్తు. పెన్సిలు మొన కంటి దగ్గరికి తీసుకెళ్లొద్దు, అరిగిపోయిన క్రేయాన్ చాలు. తర్వాత మధ్య గుర్తు దగ్గర పట్టీని మడిస్తే రెండు కంటి గుర్తులూ దాదాపు ఒకదానిమీదొకటి పడాలి. పడలేదంటే పట్టీ జరిగిందన్నమాట. ఐదేళ్లవాడు కదలకుండా ఉండడు కాబట్టి రెండు మూడుసార్లు తీయాల్సి వస్తుంది.

చిల్లులు అడ్డంగా 3.5 సెంటీమీటర్లు, నిలువుగా 2.5 పెట్టండి. మరీ పెద్దవనిపిస్తాయి, పర్వాలేదు. చుట్టూ నల్లరంగు వేస్తే దూరం నుంచి చూసేవాళ్లకి చిల్లు ఎక్కడ మొదలయ్యిందో తెలియదు. చిన్న చిల్లులు పెడితే ఎదురుగా ఉన్నది కనపడుతుంది గానీ పక్కలవి, కాళ్ల కిందవి కనపడవు. స్టేజీ మీద పిల్లలు పడేది అక్కడే.

ఇంకో చిట్కా. పులి కళ్లూ పిల్లాడి కళ్లూ ఒకే చోట ఉండాలని రూలేమీ లేదు. పులి కళ్లు పైన బొమ్మగా వేసేసి, పిల్లాడు పులి నోట్లోంచి చూసేలా చేయొచ్చు. నోరు పెద్దది కాబట్టి అంతా కనపడుతుంది. పులి కూడా పెద్దదవుతుంది.

కవలల_నాన్న | గురువారం, రాత్రి 10:31

"ఈ పులికి కళ్లు కనపడవా" అన్న డైలాగు నాటకంలో పెట్టించండి మేడమ్, హిట్టు.

మా ఇంట్లో పోయినేడు రెండు ఏనుగులు. రెండిటికీ పక్కలు కనపడక ఒకదాన్నొకటి గుద్దుకుని తొండాలు ఊడిపోయాయి. స్టేప్లర్‌తో కొట్టి కానిచ్చాం.

పంతులమ్మ_30మంది | శుక్రవారం, ఉదయం 6:50

పేరులోనే ఉంది కదా, నా క్లాసులో 30 మంది. ఏటా ఒక నాటకం. నాకు రెండే పట్టింపులు.

ఒకటి, నోరు మూయకూడదు. ముక్కు కొస దాకా వచ్చి ఆగిపోయే సగం మాస్కు చేయండి. నోరు మూసేస్తే ఊపిరి తేమకి పావుగంటలో కాగితం మెత్తబడుతుంది, పిల్లాడి మాట బయటికి రాదు. చెవులు సరిగ్గా వినపడని పిల్లలు ఎదుటివాళ్ల పెదాలు చూసే మాట పోల్చుకుంటారు, వాళ్లకీ ఇబ్బంది. మీసాలు, కోరలు కావాలంటే బుగ్గల మీద రంగుతో వేయొచ్చు.

రెండు, అసలు మొహానికే పెట్టనక్కర్లేదు. 4 సెంటీమీటర్ల వెడల్పు అట్ట పట్టీని తల చుట్టుకొలతకి 3 సెంటీమీటర్లు కలిపి కత్తిరించి, కిరీటంలా చేసి, పులి మొహాన్ని నుదుటి మీదికి వచ్చేట్టు అంటించండి. పిల్లాడు తల కొంచెం వంచాడంటే చూసేవాళ్లకి పులే కనిపిస్తుంది. కళ్లు ఖాళీ, నోరు ఖాళీ, గుచ్చుకోవడం అన్న మాటే లేదు. మా క్లాసులో సగం మందికి ఇదే చేస్తాను.

చిన్నపులి_అమ్మ | శుక్రవారం, మధ్యాహ్నం 1:20

పంతులమ్మ గారూ, మీరన్నది మావాడికి చెప్పాను. ఒక నిమిషం ఆలోచించి, "పులి నెత్తి మీద ఉంటే నేను పులిని ఎలా అవుతాను? పులిని మోసేవాణ్ణి అవుతాను" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు.

సగం మాస్కుకి మాత్రం ఒప్పుకున్నాడు. కళ్ల కొలత తీశాం: 51 మిల్లీమీటర్లు. నేను పెట్టిన చిల్లుల మధ్య దూరం 66! ఇక అట్ట సంగతి. ఏ అట్ట వాడాలి?

అట్టముక్క_తాత | శుక్రవారం, సాయంత్రం 5:05

అమ్మాయ్, నలభై ఏళ్లు పుస్తకాలు బైండింగ్ చేసిన చేతులివి. అట్ట గురించి నాకు వదిలెయ్.

నువ్వు వాడింది లోపల అలలు అలలుగా ఉండే పెట్టె అట్ట. అది బరువులు మొయ్యడానికి పుట్టింది, వంగడానికి కాదు. వంగకపోతే బుగ్గకి గుచ్చుకోక ఏం చేస్తుంది? ప్రింటరు కాగితం 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఉంటుంది, అది మరీ పల్చన, తేమకి వాలిపోతుంది. 200 నుంచి 250 జీఎస్ఎం డ్రాయింగు అట్ట తెచ్చుకో. ఏ4 సైజు ఒక షీటు చాలు, 210కి 297 మిల్లీమీటర్లు, చెవులతో సహా వచ్చేస్తుంది. కొనడం దేనికి అనుకుంటే బిస్కెట్లు వచ్చే పల్చటి అట్టపెట్టె విప్పి లోపలి వైపు వాడు.

ఇప్పుడు అసలు విషయం. కాగితానికి ఒక వాటం ఉంటుంది. మిల్లులో గుజ్జు జాలీ మీద పరుగెడుతున్నప్పుడు అందులో నార ఎక్కువగా ఆ పరుగు దిక్కుకే సర్దుకుంటుంది. ప్రెస్సువాళ్లు దాన్నే గ్రెయిన్ అంటారు. నమ్మకపోతే దినపత్రిక తీసుకుని పై నుంచి కిందికి చింపు, గీత గీసినట్టు వస్తుంది. అడ్డంగా చింపు, పాములా వంకర్లు పోతుంది. అట్టకీ అంతే. మడత పడకుండా రెండు వైపులా మెల్లిగా వంచి చూడు. ఒక వైపు మెత్తగా గొట్టంలా చుట్టుకుంటుంది, రెండో వైపు మొరాయిస్తుంది. మెత్తగా వచ్చిన గొట్టం మొహానికి నిలువుగా నిలబడేట్టు అట్ట పెట్టుకుని అప్పుడు బొమ్మ గియ్. ఆ ఒక్క పనితో సగం గుచ్చుకోవడం పోతుంది.

మిగతా సగానికి డార్టులు. అట్ట ఒక దిక్కుకే వంగుతుంది, మొహం అటూ ఇటూ పైకీ కిందికీ అన్ని వైపులా వంగి ఉంటుంది. దర్జీ జాకెట్టుకి డార్టులు ఎందుకు వేస్తాడు? ఇదీ అందుకే. నుదుటి దగ్గర రెండు, కింద బుగ్గల దగ్గర రెండు. అంచు నుంచి లోపలికి 4 సెంటీమీటర్లు గాటు పెట్టు. గాటు రెండు అంచుల్నీ ఒక సెంటీమీటరు మేర ఒకదానిమీద ఒకటి ఎక్కించి అంటించు. చదునుగా ఉన్న అట్ట చిప్పలా లేస్తుంది. చూస్తే పిల్లాడు కూడా నోరు తెరుస్తాడు. ఎంత ఎక్కిస్తే చిప్ప అంత లోతు. కళ్ల చిల్లులు మాత్రం డార్టులు అంటించాకే పెట్టాలి, ముందే పెడితే జరిగిపోతాయి.

కత్తెర_కాగితం | శుక్రవారం, సాయంత్రం 5:40

తాతగారూ, దండం. నేను పదేళ్ల నుంచి మాస్కులు చేస్తున్నాను, వాటం గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. నా మాస్కులు కొన్ని ఎందుకు కుదిరాయో, కొన్ని ఎందుకు మొండికేశాయో ఇవాళ తెలిసింది.

ముక్కుకి ఒక మాట చేరుస్తాను. అట్టలో ముక్కు దగ్గర కింది అంచు, రెండు పక్కలూ కోసి పై అంచు వదిలేస్తే ఒక తలుపు రెక్కలాంటిది వస్తుంది. దాన్ని మధ్యలో నిలువుగా మడిచి ముందుకి లాగితే ముక్కు. కింద ఊపిరాడే దారి కూడా తయారు. మడత సాఫీగా రావాలంటే ముందు సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి గీత నొక్కండి. అట్ట తెగదు, గీత దగ్గరే మడుస్తుంది.

కవలల_నాన్న | శుక్రవారం, రాత్రి 8:12

గాట్లు అంటించడానికి గ్లూ గన్ వాడండి, పది సెకన్లలో పని అయిపోతుంది. గమ్ము పెట్టి పావుగంట వేళ్లతో పట్టుకుని కూర్చునే ఓపిక ఎవరికుంది?

పంతులమ్మ_30మంది | శుక్రవారం, రాత్రి 8:30

అయ్యా, పిల్లలు కూర్చునే బల్ల మీద గ్లూ గన్ వద్దు. మామూలు గన్‌లో జిగురు దాదాపు 190 డిగ్రీల దాకా కాగుతుంది, తక్కువ వేడిది అని అమ్మేదాంట్లో కూడా 120 దగ్గర ఉంటుంది. చర్మానికి తగిలితే ఊడదు, అతుక్కునే కాలుస్తుంది. పిల్లలు పడుకున్నాక మీరు చేసుకుంటానంటే మీ ఇష్టం. కానీ అప్పుడది పిల్లలతో చేసిన మాస్కు ఎలా అవుతుంది?

పట్టుకునే ఓపిక లేకపోతే బట్టలు ఆరేసే క్లిప్పులు పెట్టండి. స్టేప్లర్ అయినా సరే, పిన్ను కాళ్లు బయటి వైపుకి ముడుచుకునేలా లోపలి నుంచి కొట్టి, ఆ కాళ్ల మీద టేపు వేయాలి. మీ ఏనుగులకి ఎటు కొట్టారో నేను అడగను.

కవలల_నాన్న | శుక్రవారం, రాత్రి 8:34

అడక్కండి 🙏

చిన్నపులి_అమ్మ | శనివారం, ఉదయం 11:10

తాతగారి డార్టులు పనిచేశాయి! చదును అట్ట లేచి నిలబడగానే మావాడు దుప్పట్లోంచి బయటికొచ్చాడు. ఆ నమూనా అట్ట బోర్లించి తలకి టోపీలా పెట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నాడు. రంగులు వేసే అసలుది ఇంకా చేయాలి.

ఇంతలో మా అమ్మాయి, తొమ్మిదేళ్లు, తనకీ మాస్కు కావాలంది. గుడ్లగూబట. తను ఎడమచేతి వాటం. కత్తెరతో కోస్తుంటే కాగితం తెగట్లేదు, రెండు ఆకుల మధ్య మడిచిపెట్టుకుపోతోంది. కత్తెర మొద్దుబారిందా అంటే నాకు బాగానే తెగుతోంది.

ఎడమచేతి_గీత | శనివారం, ఉదయం 11:45

నాకు ముప్పై ఏళ్లు వచ్చాక తెలిసిన విషయం మీ అమ్మాయికి తొమ్మిదేళ్లకే తెలియబోతోంది, అదృష్టవంతురాలు.

మామూలు కత్తెర కుడిచేతికి చేసింది. కుడిచేత్తో నొక్కినప్పుడు బొటనవేలూ మిగతా వేళ్లూ ఆ రెండు ఆకుల్ని ఒకదానికొకటి ఒరుసుకునేట్టు తోస్తాయి. అదే కత్తెర ఎడమచేత్తో పట్టుకుంటే ఆ తోపుడు తిరగబడి ఆకులు విడిపోతాయి. సందులో కాగితం ఇరుక్కుంటుంది. పైగా గీసుకున్న గీత పై ఆకు వెనక దాక్కుంటుంది, ఎక్కడ కోస్తున్నామో కనపడదు. బడిలో నన్ను "చేతిపని రాని పిల్ల" అనేవాళ్లు. పని రాకపోవడం కాదు, కత్తెర రాలేదు.

ఎడమచేతి కత్తెర అని విడిగా దొరుకుతుంది, ఆకులు తిరగేసి బిగించి ఉంటాయి. రెండు వైపులా పట్టుకోవచ్చని పిడి మాత్రం మార్చినవాటితో ఉపయోగం లేదు, ఆకులు చూసి తీసుకోండి. ఇంకోటి, గుండ్రంగా కోసేటప్పుడు తను గడియారం ముల్లు తిరిగే వైపు వెళ్లాలి. కుడిచేతివాళ్లు దానికి ఎదురు. అందరూ గుర్తుంచుకోవాల్సింది: కత్తెర చెయ్యి కదలకూడదు, రెండో చేత్తో కాగితాన్ని తిప్పాలి.

మౌనంగా_చదివేదాన్ని | శనివారం, మధ్యాహ్నం 3:02

మొదటిసారి రాస్తున్నాను. మా పాపకి రెండేళ్లు నిండాయి. దాని అన్న కోతి మాస్కు పెట్టుకుని గదిలోకి రాగానే కెవ్వుమని ఏడ్చి, అరగంట నా చంక దిగలేదు. మాస్కు తీసి అన్నయ్యే అని చూపించినా వాడి దగ్గరికి వెళ్లలేదు. ఇది మామూలేనా?

పంతులమ్మ_30మంది | శనివారం, మధ్యాహ్నం 3:30

మామూలేనమ్మా. ఆ వయసు పిల్లలకి మనిషంటే మొహమే. మొహం మారితే లోపల అదే అన్నయ్య ఉన్నాడని మనకి తెలిసినంత గట్టిగా వాళ్లకి తెలియదు. కొన్నాళ్లు పోయాక దానంతట అదే సర్దుకుంటుంది.

మాస్కు పెట్టుకుని ఎదురు రాకూడదు. పాప చూస్తుండగా చేతిలో పట్టుకోవాలి, ముందు బొమ్మకి పెట్టాలి, తర్వాత అన్నయ్య మెల్లిగా పెట్టి మెల్లిగా తీయాలి, మాట్లాడుతూనే ఉండాలి. గొంతు అదే కదా. పాప చేత్తో లాగి తీసేసే ఆట అయితే ఇంకా మంచిది. పుల్లకి అంటించిన మాస్కు దీనికి బాగుంటుంది, ఎత్తడం దించడం క్షణంలో పని. పాపకి మాత్రం ఇప్పుడే ఎలాస్టిక్ మాస్కు కట్టకండి.

కళ్లజోడు పెట్టుకునే పిల్లలకి కూడా ఈ పుల్ల మాస్కే నయం. లేదంటే పాత ఫ్రేము అద్దాలు తీసేసి దానికే మాస్కు అంటించండి, చెవుల మీద అదే నిలుస్తుంది. అద్దాలు లేకుండా స్పష్టంగా కనపడని పిల్లలకి ఇది వద్దు.

కవలల_నాన్న | శనివారం, సాయంత్రం 6:20

అట్ట మాస్కుల గురించి అందరూ ఇంత చెప్తుంటే ఉత్సాహం వచ్చి, మేం బెలూన్ మీద కాగితాలు అంటించే మాస్కు మొదలుపెట్టాం. పేపర్ మాషే అంటారే, అది. మొన్న అంటించాం. త్వరగా ఆరాలని మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టాను. బెలూన్ ఉబ్బి పొర పగిలింది. రాత్రికి బెలూన్ చిక్కి, పొరని కూడా లోపలికి లాక్కుని ఎండు వంకాయలా అయింది. రెండోది పాడవకూడదని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టాను, బూజు పట్టింది. తాతగారూ, కాపాడండి.

అట్టముక్క_తాత | శనివారం, రాత్రి 7:45

నాయనా, తడి సరుకుని ప్లాస్టిక్‌లో చుట్టావు, బూజు కాక మల్లెలు పూస్తాయా?

బెలూన్ లోపల గాలి వేడికి పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. అందుకని నీడన, ఫ్యాను కింద ఆరనియ్యి. ఒక రోజు, రెండు రోజులు పట్టనీ. వేలితో తడితే డొక్కుడొక్కుమని మోగాలి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

జిగురు ఇలా: ఒక కప్పు మైదా ఒక కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలుపు. నాలుగు కప్పుల నీళ్లు మరిగించి అందులో పోస్తూ కలియబెట్టు. తెల్లగా ఉన్నది కాస్త నిగనిగలాడే ముద్దగా మారగానే దించెయ్. రెండు చెంచాల ఉప్పు వేస్తే బూజు తొందరగా రాదు. గోరువెచ్చగా అయ్యాకే పిల్లల చేతికి ఇవ్వు. గోధుమ పడని పిల్లలుంటే ఇది వద్దు, తెల్ల ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్లు కలుపుకో.

దినపత్రికని కత్తెరతో కొయ్యకు, చేత్తో రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా చింపు. చింపిన అంచు పల్చబడి ఉంటుంది కాబట్టి పక్కదాంట్లో కలిసిపోతుంది, కోసిన అంచు మెట్టులా నిలబడుతుంది. ముందుగా బెలూన్‌కి కాస్త వాజ్‌లైన్ రాయి, తర్వాత సులువుగా ఊడొస్తుంది. మొహానికి ముందు సగమే అంటించు, గుండ్రం మొత్తం దేనికి? నాలుగు పొరలు వెయ్యి. ఒక పొర అచ్చు కాగితం, దాని మీద పొర ఖాళీ తెల్ల కాగితం, అలా మార్చి మార్చి వేస్తే ఎక్కడ వదిలేశారో పిల్లలకి కూడా తెలుస్తుంది. ఒక పొర నిలువు, ఒక పొర అడ్డం. అలా వేస్తే గట్టిదనం.

పంతులమ్మ_30మంది | శనివారం, రాత్రి 8:05

బెలూన్ పగిలాక ముక్కలన్నీ వెంటనే ఏరి పారేయండి. ఆ ముక్కలు గొంతులో పడితే ఊపిరి ఆగిపోతుంది. ఎనిమిదేళ్లలోపు పిల్లలకి బెలూన్ ప్యాకెట్ల మీద హెచ్చరిక రాసేది ఇందుకే. రబ్బరు పడని పిల్లలుంటే బెలూన్ బదులు గిన్నె బోర్లించి చేయొచ్చు.

కత్తెర_కాగితం | శనివారం, రాత్రి 9:15

పేపర్ మాషే అన్న ఫ్రెంచి మాటకి అర్థం నమిలిన కాగితం. మీ రెండో మాస్కుకి ఆ పేరు సరిగ్గా సరిపోయినట్టుంది కవలల నాన్నగారూ!

నిరుత్సాహపడకండి. పోలండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ బెండా అనే చిత్రకారుడు (1873–1948) ఇలాగే కాగితం ముక్కలు పొరలు పొరలుగా అంటించి మాస్కులు చేసేవాడు. నాట్య వేదికల మీద వాటిని వాడేవాళ్లు. ఆయన వాడిందీ కాగితమూ జిగురే.

చిన్నపులి_అమ్మ | ఆదివారం, సాయంత్రం 4:25

కొత్త కష్టం. అసలు మాస్కు అట్ట కత్తిరించి, డార్టులు వేయకముందే మావాడు పోస్టర్ రంగులు వేశాడు. ధారాళంగా వేశాడు. ఆరేసరికి అట్ట మొత్తం అప్పడంలా చుట్టుకుపోయింది. పారేయాలా?

అట్టముక్క_తాత | ఆదివారం, సాయంత్రం 4:50

పారెయ్యకు. ఒక వైపే తడిసింది కాబట్టి ఆ వైపు నార ఉబ్బి, ఆరేటప్పుడు బిగుసుకుని అట్టని తన వైపు లాక్కుంది. రెండో వైపు కూడా అంతే తడి ఇస్తే లెక్క సరిపోతుంది. వెనక వైపు స్పాంజితో నీళ్లు పల్చగా రాయి, పైనా కిందా తెల్ల కాగితాలు పెట్టి బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచు. బైండింగులో అట్టకి ఒక వైపు గుడ్డ అంటిస్తే రెండో వైపు కాగితం అంటించేదీ ఇందుకే. ఆరాక డార్టులు వెయ్యి. రంగు రాలకుండా నీళ్లు కలిపిన ఫెవికాల్ పైన ఒక పూత.

మౌనంగా_చదివేదాన్ని | ఆదివారం, సాయంత్రం 5:30

చమ్కీ పొడి చల్లితే మెరుస్తుంది కదా?

కత్తెర_కాగితం | ఆదివారం, సాయంత్రం 5:41

కళ్లకి ఇంత దగ్గరగా వద్దండి. ఎంత అంటించినా రాలుతుంది, కంట్లో పడితే గీసుకుపోతుంది. మెరుపు కావాలంటే చాక్లెట్ల మీది మెరుపు కాగితం ముక్కలు అంటించండి.

చిన్నపులి_అమ్మ | మంగళవారం, రాత్రి 10:50

ఒక విషయం ఒప్పుకోవాలి. పుస్తకాల కింద పెట్టాక అట్ట సాఫీగా వచ్చింది. డార్టులు వేశాను, కళ్ల చిల్లులు సరిగ్గా పడ్డాయి. మావాడి పులికి చారలు ఊదారంగు. ఒకటి ముక్కు మీదుగా అడ్డంగా వెళ్లి చెవిలో కలుస్తుంది. నిన్న రాత్రి వాడు పడుకున్నాక నేను కూర్చుని, అన్నిటినీ నల్ల చారలుగా దిద్దేశాను. నిజం పులిలా వచ్చింది. నేనే మురిసిపోయాను.

పొద్దున్న వాడు చూసి ఏమీ అనలేదు. చాలాసేపు వేలితో వెతికి, "నా పెద్ద గీత ఎక్కడుంది?" అన్నాడు. ఏడవలేదు కూడా. ఏడ్చినా బాగుండేది.

ఎడమచేతి_గీత | మంగళవారం, రాత్రి 11:05

అయ్యో అక్కా.

పంతులమ్మ_30మంది | బుధవారం, ఉదయం 6:40

ఏటా నా క్లాసుకి కొన్ని మాస్కులు వస్తాయి, చూడగానే తెలిసిపోతుంది అమ్మ చేసిందని. ఆ పిల్లలు వాటిని బల్ల మీద భద్రంగా పెట్టుకుంటారు. సొంతంగా చేసుకున్నవాళ్లు పెట్టుకుని గెంతుతారు. మిమ్మల్ని తప్పు పట్టట్లేదు. నేను కూడా మా అబ్బాయి కుందేలు చెవులు దిద్దినదాన్నే. చిల్లులు, గాట్లు, ముళ్లు పెద్దవాళ్ల పని. రంగు వాళ్లది. అక్కడ మనం చేతులు కట్టుకుని కూర్చోవాలి. అది చాలా కష్టం.

కత్తెర_కాగితం | బుధవారం, ఉదయం 9:20

దిద్దుకోవచ్చు. నల్ల చారల మీద తెల్లరంగు ఒక పూత వేసి ఆరనివ్వండి, దాని మీద వాడినే మళ్లీ వేసుకోమనండి. రంగులో నీళ్లు తక్కువ కలపండి.

చిన్నపులి_అమ్మ | గురువారం, రాత్రి 9:15

తెల్ల పూత వేసి, నేనే చెడగొట్టానని చెప్పి, మళ్లీ వేసిస్తావా అని అడిగాను. "ఈసారి చూడకు" అన్నాడు. వంటింట్లోకి వెళ్లిపోయాను. ఇప్పుడు ఊదా చారల్తో పాటు నుదుటి మీద ఒక పసుపు చుక్క కూడా ఉంది. అది ఏమిటో అడగలేదు.

ఇక ఎలాస్టిక్. మళ్లీ చిరగకుండా ఎలా? ఎల్లుండే నాటకం.

కవలల_నాన్న | గురువారం, రాత్రి 9:40

ఇది నాకు తెలుసు! ఏనుగుల పుణ్యం. చిల్లు పెట్టే చోట ముందు రెండు వైపులా టేపు వేసి, ఆ టేపులోంచి చిల్లు పొడవండి. అంచుకి ఒక సెంటీమీటరు లోపలికి, కళ్లకి సమంగా. కింద పెడితే మాస్కు పైకి లేస్తుంది, పైన పెడితే గడ్డం దగ్గర తన్నుకొస్తుంది. ఒక చిల్లు నుంచి తల వెనకగా రెండో చిల్లు దాకా కొలిచి, నాలుగు వేళ్లు తగ్గించి, ముళ్లకి కొంచెం కలుపుకోండి. ముడి బయటి వైపు. లోపల వేస్తే కణతకి నొక్కుతుంది, ఇదీ అనుభవమే.

పంతులమ్మ_30మంది | గురువారం, రాత్రి 9:55

శభాష్. ఎవరైనా పట్టి లాగితే మాస్కు ఊడి రావాలి, అంత గట్టిగానే కట్టండి. ఎలాస్టిక్ తల వెనకే ఉండాలి, మెడకి జారకూడదు. మెట్లు ఎక్కేటప్పుడు, పరుగెత్తేటప్పుడు మాస్కు చేతిలోనే. రేపు ఇంట్లో ఒకసారి పెట్టుకుని నడిపించి చూడండి.

చిన్నపులి_అమ్మ | శనివారం, రాత్రి 8:30

అయిపోయింది! స్టేజీ ఎక్కగానే మాస్కు నుదుటి మీదికి ఎత్తి, జనంలో నేను ఎక్కడున్నానో వెతికాడు. కనపడగానే మాస్కు దించుకుని గాండ్రించాడు. "ఎవరక్కడ?" మర్చిపోయాడు. గాండ్రింపుకి ముందు వరసలో కూర్చున్న చిన్నపాప ఒకతి ఏడ్చింది. మావాడు వెంటనే మాస్కు తీసి "నేనే, నేనే" అని ఆ పాపకి చూపించాడు. జనం ఒకటే నవ్వు.

ఆ పసుపు చుక్క పులికి దోమ కుట్టిందట.

ఇప్పుడు మా అమ్మాయి గుడ్లగూబ మిగిలింది. కొత్త కత్తెర వచ్చింది, గుండ్రాలు చక్కగా కోస్తోంది. ఈకలు మాత్రం ఎన్ని కోసినా ఆకుల్లా కనపడుతున్నాయంటోంది. ఏం చేయాలి?

అట్టముక్క_తాత | శనివారం, రాత్రి 9:10

కత్తెర పక్కన పెట్టమను. రంగు పేజీలున్న పాత పత్రిక తీసుకుని, బొమ్మ వైపు పైకి పెట్టి, చింపే ముక్కని తన వైపుకి లాగుతూ చింపమను. అంచున తెల్లటి నార బయటపడుతుంది, అచ్చం ఈక కొసలా. కింది వరస ముందు అంటించి పైకి పోవాలి, పెంకులు కప్పినట్టు. కొసలు మాత్రం అంటించకుండా వదిలెయ్యమను.